జేసీబీని ఆపండి, ముందు మీ నేలలో ఏముందో చూడండి

మీరు రాసినది నాకు అర్థమైన మేరకు ముందుగా చెబుతాను, పొరబడితే సరిదిద్దండి. షాద్‌నగర్ దాటాక లోపలి ఊళ్లో ఎకరం స్థలం. ఎర్ర నేల, ఒక మూల బండలు, వేసవిలో సన్నగిల్లే బోరు ఒకటి. చిన్న ఇల్లు కట్టుకోవాలని, చుట్టూ పచ్చగా ఉండాలని, పిట్టలూ సీతాకోకచిలుకలూ రావాలని మీ కోరిక. నర్సరీవారు ఇచ్చిన పట్టికలో ప్రహరీ వెంట కోనోకార్పస్, లోపల తురాయి, రాయల్ పామ్, ఫాక్స్‌టెయిల్ పామ్, మధ్యలో లాన్ ఉన్నాయి. వచ్చే వారం జేసీబీ పెట్టించి ముళ్లకంప అంతా ఎత్తేయించి చదును చేయిస్తానన్నారు. ఆ పట్టిక బాగుందా, ఇంకేమైనా చేర్చాలా అన్నది మీ ప్రశ్న.

పట్టిక సంగతి తరువాత చూద్దాం. ముందు జేసీబీ అతనికి ఫోను చేసి రావద్దని చెప్పండి. ఈ ఒక్క మాట విన్నా నేను ఇంత పొడుగున రాసినందుకు ఫలితం దక్కినట్టే.

మీరు పంపిన ఫొటోలను పెద్దవి చేసి చూశాను. పసుపు పూలున్న పొద తంగేడు. వంకర ముళ్లతో అల్లుకుపోయినది పరికి. జంట ముళ్లు, నున్నటి చిన్న ఆకులున్నది కలివి, కొందరు కలే పండ్ల చెట్టు అంటారు. బండ పక్కన మోకాలెత్తు పిలకలు, ఒక్కో కాడకు మూడేసి వెడల్పాటి ఆకులు కనిపిస్తున్నాయి చూడండి, అది మోదుగ. పైకి కనిపించే పిలకకు ఏడాది వయసు ఉండవచ్చు. కానీ కింద వేరు చాలా పాతది. ఏటా ఎవరో కట్టెలకు కొడుతున్నారు, మేకలు మేస్తున్నాయి, అది మళ్లీ మళ్లీ చిగురిస్తూనే ఉంది. మూడేళ్లు మేక నోటికి అందకుండా కాపాడితే చుక్క నీరు పోయకుండానే మీకు చెట్టు అవుతుంది. తునికి కూడా ఇంతే. అది వేళ్ల నుంచే పిలకలు వేసుకుంటూ పోతుంది. మీరు నర్సరీలో కొనగలిగిన ఏ మొక్కకూ ఇంత లోతైన వేరు ఉండదు.

ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. 20 ఏళ్ల కిందట ఇలాంటి ఎర్ర చెలకలోనే మూడెకరాలు చూసుకునే బాధ్యత నాకు వచ్చింది. సగం నేలను యంత్రంతో శుభ్రంగా గీకించాను. చేతిలో డబ్బు అయిపోయి మిగతా సగం అలాగే వదిలేశాను. గీకించిన వైపు 200 మొక్కలు నాటి ట్యాంకరు నీళ్లు పోశాను. ఐదేళ్ల తరువాత అందులో నిలిచినవి 60 కూడా లేవు. వదిలేసిన వైపు కంచె తప్ప నేను పెట్టిన ఖర్చు లేదు. అక్కడ మోదుగ, వేప, ఊడుగ, ఆరె నా తలకంటే ఎత్తుగా నిలబడ్డాయి. ఎర్ర చెలకలో సారమంతా పైనున్న నాలుగారు అంగుళాల మట్టిలోనే ఉంటుంది, గింజల నిల్వ కూడా అక్కడే. యంత్రం మొదట తీసేది దాన్నే. ఆ కింద మిగిలేది మొరం. ఇల్లు కట్టే చోటు, దారి పోయే చోటు మాత్రం శుభ్రం చేయించండి. మిగతాది మనుషులతో, చూసి చూసి చేయించవలసిన పని.

ఇక పట్టిక. కోనోకార్పస్ గురించి నర్సరీలో చెప్పేది మీరూ రాశారు: పురుగు పట్టదు, మేక తినదు, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. ఈ మూడూ చాలావరకు నిజమే. అందుకే వద్దంటున్నాను. ఆకును పురుగులు దాదాపుగా ముట్టని చెట్టు మీద పిట్ట వాలి ఏం చేస్తుంది? గింజలు తినే పిచ్చుకా గిజిగాడూ సైతం పిల్లలకు పెట్టేది గింజలు కాదు, మెత్తటి పురుగులు. పూలతేనె తాగే తేనెపిట్ట కూడా గూట్లో పిల్ల నోట్లో పెట్టేది సాలీళ్లను, చిన్న పురుగులను. మీ తోటలో ఆకు చిల్లులు పడకపోతే పిట్టలు వచ్చి కూర్చుని వెళ్తాయేమో గాని పిల్లలను పెంచవు. కోనోకార్పస్ మీద ఇతర ఫిర్యాదులూ ఉన్నాయి. వేళ్లు మురుగు గొట్టాల్లోకి పోవడం, పుప్పొడితో అలర్జీలు వంటి కారణాలతో గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో దాన్ని నాటడం నిషేధించాయి. తెలంగాణలోనూ ప్రభుత్వ నర్సరీల్లో పెంచడం ఆపించారు. ఆ ఫిర్యాదులేవీ లేకపోయినా నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంటుంది.

ఆకు తినడం అంటే ఏమిటో రేల చెట్టు దగ్గర చూడాలి. వానలు పడ్డాక లేత పసుపు రెక్కల సీతాకోకచిలుకలు రేల చిగుళ్ల మీద గుడ్లు పెడతాయి. రెండు మూడు వారాల్లో చెట్టంతా ఆకుపచ్చ గొంగళిపురుగులు. ఒక ఏడాది మా పక్క తోట యజమాని కంగారుపడి మందు డబ్బా పట్టుకుని వచ్చారు. చెట్టు చచ్చిపోతుందని ఆయన భయం. పది రోజులు ఆగమని బతిమాలుకున్నాను. ఆ పది రోజుల్లో ఆ చెట్టు మీద వాలిన పిట్టల్లో తల మీద నల్లటి జుట్టు, తెల్లటి పొట్ట ఉన్న చాతకం ఉంది. పద్యాల్లో చినుకు కోసం ఎదురుచూసే పక్షి, నైరుతి గాలులతో పాటే మన వైపు వచ్చేది, నిజంగా వెతుక్కునేది ఈ గొంగళిపురుగులనే. నెల తిరిగేసరికి రేల మళ్లీ కొత్త ఆకు వేసింది. మరుసటి వేసవిలో ఎప్పటిలాగే బంగారు గొలుసులు వేలాడదీసింది.

చాతకం గూడు కట్టుకోదు. పొదల్లో గుంపులు గుంపులుగా గోల చేస్తూ తిరిగే బూడిదరంగు పిట్టల గూళ్లలో గుడ్లు పెడుతుంది. ఆ బూడిద పిట్టలకు గూడు కట్టడానికి పరికి వంటి ముళ్లపొద కావాలి. జేసీబీ ఎత్తేసేది దేన్నో ఇప్పుడు తెలిసింది కదా.

"స్థానిక మొక్క" అనే మాట గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నర్సరీలో అడిగితే "ఇది ఇండియాదే సార్" అంటారు. దేశం పేరు చూసి లాభం లేదు, చోటు చూడాలి. ఏడాకుల పాల మన దేశపు చెట్టే, తేమ ఉన్న అడవుల్లో అక్కడొకటి ఇక్కడొకటిగా పెరిగేది. దాన్ని తెచ్చి విశాఖపట్నం వీధుల్లో వరసలు వరసలుగా నాటితే చలికాలం మొదట్లో అన్నీ ఒకేసారి పూసి, ఆ ఘాటుకు ఊపిరాడటం లేదని జనం ఫిర్యాదు చేయవలసి వచ్చింది. ఎర్రచందనం శేషాచలం, ఆ చుట్టుపక్కల కొండలది. షాద్‌నగర్‌లో నాటితే బతకవచ్చు గాని అది మీ నేల చెట్టు కాదు, పైగా కొట్టాలన్నా తరలించాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. మరోవైపు చింత ఆఫ్రికా నుంచి ఎప్పుడో వచ్చింది, మన కొండల నిండా ఉన్న సీతాఫలం అమెరికా ఖండపుది. ఈ రెండింటినీ కాదనే మనసు నాకు లేదు. మీ స్థలంలో చింత ఉంటే దాని కింద కూర్చోండి. కొత్తగా నాటేవాటిలో మాత్రం ఇక్కడి వానకూ ఇక్కడి ఎండకూ అలవాటు పడినవాటికి మొదటి చోటు ఇవ్వండి. హైదరాబాద్ ప్రాంతానికి ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. మిగతా ఎనిమిది నెలలు వేరు మీద బతకగలిగిన చెట్టే మీ చెట్టు.

జమ్మి విషయంలో జాగ్రత్త. తెలంగాణ రాష్ట్ర వృక్షం కదా అని అడిగితే, తెలియక సర్కారు తుమ్మ మొక్కను చేతిలో పెట్టినవాళ్లు ఉన్నారు. రెండూ దగ్గరి బంధువులే, లేతగా ఉన్నప్పుడు పోలికలూ ఉంటాయి. సర్కారు తుమ్మ మెక్సికో వైపు నుంచి వచ్చింది, ఒకసారి దిగితే చుట్టుపక్కల దేన్నీ లేవనివ్వదు. మీ ఈశాన్యపు మూలలో ఉన్నది అదేనని నా అనుమానం. దాన్ని పైన నరికితే రెట్టింపుగా లేస్తుంది, వానలు పడి నేల మెత్తబడ్డాక మొదలు చుట్టూ తవ్వి అడుగు లోతు దాకా వేరుతో సహా తీయించాలి. అయినా అంతా ఒకేసారి తీయకండి. ప్రస్తుతం గువ్వలు, పిగిలిపిట్టలు అందులోనే గూళ్లు పెడుతూ ఉంటాయి. మూడో వంతు తీసి, అక్కడ నాటినది నిలదొక్కుకున్నాక మరో మూడో వంతు తీయండి. కొట్టిన కంపను పారేయవద్దు, కొత్త మొక్కలకు మేకల నుంచి కాపలాగా పనికొస్తుంది.

ఇప్పుడు మీరు అసలు అడిగినదానికి వస్తాను. నేను ఎవరికైనా తోట వేసేటప్పుడు మొక్కల పట్టిక కంటే ముందు పన్నెండు నెలలు కాగితం మీద రాసుకుంటాను. ఏ నెలలో ఏది పూస్తుంది, ఏది పండుతుంది, ఏ నెల ఖాళీగా ఉంది అని చూస్తాను. దక్కనులో ఒక విచిత్రం ఉంది. నేల ఎండి, గడ్డి పసుపెక్కి, మనకు ఏమీ మిగల్లేదనిపించే మాఘ ఫాల్గుణాల్లోనే చెట్లు ఆకు రాల్చి పూతకు దిగుతాయి. ఆ పూత మీద ఆధారపడే ఎన్నో ప్రాణులు వేసవిని దాటతాయి.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో మోదుగ, బూరుగ పూస్తాయి. ఆ పూల గిన్నెల్లో తేనె కోసం గోరింకలు, కాకులు, తేనెపిట్టలు, ఉడుతలు, జొన్నచేల మీద మందలుగా పడే గులాబి రంగు గోరింకలు, అన్నీ చేరతాయి. ఉదయం ఏడింటికి పూసిన మోదుగ కింద నిలబడితే మాట వినిపించదు. బండల మీద కొండగోగు అదే సమయంలో ఒక్క ఆకూ లేకుండా పసుపు పూలు విప్పుతుంది, మీ బండల మూలకు దానికి మించినది లేదు. ఊడుగ కూడా అప్పుడే. తెల్లటి పూలతో కొమ్మలు కప్పుకుపోతాయి, తరువాత వచ్చే పండ్లను పిట్టలు మిగల్చవు. ఊడుగను నర్సరీల్లో నేను దాదాపుగా చూడలేదు. ఎవరూ అడగకపోవడమే కారణం. కరువు నేలలో అంత అందమైన చిన్న చెట్టు మరొకటి నాకు తెలియదు, అడిగినవారందరికీ చెబుతూనే ఉంటాను.

ఉగాదికి వేప పూత, కానుగ కొత్త చిగురు. కానుగ ఆకు రాల్చిన కొద్ది రోజుల్లోనే లేతాకుపచ్చగా నిండిపోయి ఏప్రిల్ ఎండకు మంచి నీడ ఇస్తుంది. దాని ఆకుల మీద బుడిపెలు, గీతలు వస్తాయి, అవి రోగం కావు, చిన్న ప్రాణుల ఇళ్లు. ఇప్ప పూలు రాత్రిళ్లు గబ్బిలాలకు, తెల్లారి రాలాక నేల మీద తిరిగేవాటికి. ఏప్రిల్, మే నెలల్లో రేల పూలకు పెద్ద నల్ల తుమ్మెదలు మూగుతాయి, తునికి పండ్లు, మొర్రి పండ్లు వస్తాయి. మే ఆఖరుకు కలివి పండ్లు నల్లబడతాయి. వాన మొదలయ్యేసరికి నేరేడు, వేప పండ్లు సిద్ధం. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా గొంగళిపురుగుల కాలం, గడ్డి గింజల కాలం, బతుకమ్మకు తంగేడు, గునుగు. తరువాత పరికి. సంక్రాంతికి రేగు. భోగిపళ్లు మనం కొనుక్కోవడం మొదలుపెట్టాం గాని మీ గట్టు మీద ఒక నాటు రేగు ఉంటే పిల్లలకూ పిట్టలకూ సరిపోతుంది.

మిగిలేది నవంబరు, డిసెంబరు. ఆ నెలల ఖాళీని మర్రి, రావి, మేడి, జువ్వి జాతి పూడుస్తుంది. వీటిలో ఒక్కో రకానికి ఒక్కో రకం కందిరీగ ఉంటుంది, అది కాయలోకి దూరితేనే గింజ కడుతుంది. ఆ కందిరీగల వంశం ఆగిపోకుండా ఆ ప్రాంతంలో ఏదో ఒక చెట్టు ఎప్పుడూ కాయతో ఉంటుంది. అందువల్ల మరే పండూ లేని రోజుల్లో కంసాలి పిట్ట, కోకిల, చిలుక, గబ్బిలం వీటి దగ్గరకే పరుగెత్తుతాయి. అలాగని ఎకరంలో మర్రి పెట్టకండి. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను ఒక్కటే దాదాపు ఐదెకరాలు పరుచుకుంది. మీకు ఒక్క మేడి చాలు. స్నానాల నీళ్లు బయటకు పోయే కాలువ చివర, ఇంటికి, సెప్టిక్ ట్యాంకుకు 40 అడుగుల దూరంలో పెట్టండి. దానికి తడి ఇష్టం. మొదలు నుంచే గుత్తులుగా కాస్తుంది కాబట్టి మీ పిల్లలు కాయ విప్పి లోపలి ప్రపంచం చూడవచ్చు.

ఎకరం అంటే సుమారు 208 అడుగుల చదరం. అందులో పెద్దవీ చిన్నవీ కలిపి 30 చెట్లకు మించి వద్దు. ఎకరానికి 400 నాటించే సలహాలు మీకు వస్తాయి, అది కలపతోటకు లెక్క. మూడో వంతు నేలను గడ్డికి, ఎండకు వదలండి. పాలపిట్టకు ఎత్తయిన మోడు కొమ్మ, దాని ముందు బహిరంగ నేల కావాలి. అది పైనుంచి మిడతను చూసి దిగే పిట్ట, దట్టమైన తోపులోకి రాదు. కౌజు పిట్టకు గడ్డి, పొద పక్కపక్కనే ఉండాలి. లాన్ బదులు గరికను రానివ్వండి. వానాకాలంలో అది దానంతట అదే పరుచుకుంటుంది, వేసవిలో ఎండిపోయి తొలకరికి మళ్లీ లేస్తుంది. ఎండిన గడ్డిని చూసి బాధపడే అలవాటును మానుకోవడం మాత్రం మీ చేతిలోనే ఉంది. ఏప్రిల్‌లో పచ్చటి లాన్ ఉంచాలంటే మీ బోరంతా దానికే పోయాలి.

అందం గురించి కూడా చెబుతాను, ఎందుకంటే స్థానిక మొక్కలంటే అడవిలా చిందరవందరగా ఉంటుందని మీ ఇంట్లో అంటున్నారని రాశారు. చోటు చూసి పెడితే అలా ఉండదు. గేటుకు రెండు పక్కలా రేల. పడమట ఎండ కొట్టే వైపు కానుగలు మూడు, 25 అడుగుల ఎడంతో. వాకిలి ముందు ఒక పొగడ, ఏడాది పొడవునా ఆకుతో గుండ్రంగా ఉంటుంది, పూలు ఎండినా వాసన పోదు. నల్లటి బండ వెనక మోదుగ పూసినప్పుడు చూడండి, ఆ చిత్రం కోసం మీ బంధువులు ఏటా వస్తారు. బండల్ని పేల్చకండి, వాటి మీద ఎండ కాచుకునే తొండలు కూడా మీ తోటవే. చిన్న చెట్లలో అంకుడును మరువకండి. ఏటికొప్పాక లక్కబొమ్మలు దానితోనే చేస్తారు. తెల్లటి పూలు, జంటగా వేలాడే సన్నటి కాయలు ముచ్చటగా ఉంటాయి. దక్షిణపు గట్టు వెంట ఆరె, ఉసిరి, మారేడు, వెలగ. మారేడు, వెలగ, నిమ్మ, కరివేప అన్నీ ఒకే కుటుంబం. నల్లటి రెక్కల మీద పసుపు మచ్చలున్న సీతాకోకచిలుక పిల్లలు పెరిగేది ఈ ఆకుల మీదే. లేత పురుగు పిట్ట రెట్టలా కనిపిస్తుంది, చూసి నలిపేయకండి.

"అశోక" అని ఎవరైనా గోపురంలాంటి సన్నటి చెట్టు చూపిస్తే అది నరమామిడి. అసలు అశోకం ఎర్ర పూలది, తేమ నేలలది. మీకు రెండూ అవసరం లేదు.

ప్రహరీ గోడ కట్టే ఆలోచన ఉంటే మానుకోండి, కనీసం మూడు వైపులైనా. నాలుగు వైపులా కలిపి 830 అడుగుల చిల్లర ఉంటుంది. మూడు అడుగులకొకటి చొప్పున రెండు వరసలు, ఒకదాని సందులో మరొకటి వచ్చేలా నాటితే సుమారు 550 మొక్కలు పడతాయి. అందులో సగం వాక్కాయ. ముల్లు ఉంది, పూవు ఉంది, పప్పులోకి కాయ ఉంది. రోడ్డు వైపు గచ్చకాయ వేస్తే మనిషి కాదు గదా కుక్క కూడా దూరదు. నీడ పడే చోట అడ్డసరం, వావిలి. మేక రెండింటినీ ముట్టదు, తేనెటీగలకు మాత్రం రెండూ ఇష్టమే. ఇంతకుముందు మేక తినని చెట్టును తప్పుబట్టాను, ఇప్పుడు కంచెకు అదే గుణాన్ని మెచ్చుకుంటున్నాను. తేడా ఏమిటంటే వీటి పూలూ ఆకులూ ఇక్కడి పురుగులకు తరతరాలుగా తెలుసు. కంచె మీదికి తిప్పతీగ, ఆరుదొండ, ఈశ్వరి తీగలను పాకనివ్వండి. ఎర్రటి ఒళ్లు, నల్లటి రెక్కల పెద్ద సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టడానికి ఈశ్వరి కుటుంబపు తీగలనే వెతుక్కుంటాయి. ఆ ఒక్క తీగ లేక ఊళ్లకు ఊళ్లే వాటికి ఖాళీ అయిపోయాయి. జిల్లేడును పీకేయాలనిపిస్తుంది, రెండు మొక్కలైనా ఉంచండి. నారింజ రంగు సీతాకోకచిలుకకు అది పుట్టిల్లు, తుమ్మెదలకు ఏడాదంతా పూవు. పాలు కంట్లో పడకుండా పిల్లలకు చెప్పి ఉంచితే సరి. లాంటానాను మాత్రం మొలిచినప్పుడే వేరుతో పీకండి.

నాటే పద్ధతి. రోహిణి కార్తె లోపల రెండడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంటలు తీయించి ఎండనివ్వండి. పైమట్టి ఒక పక్క, మొరం ఒక పక్క పోయించండి. నింపేటప్పుడు పైమట్టిలో రెండు గంపల చివికిన పశువుల ఎరువు, చెదలు పట్టకుండా గుప్పెడు వేపపిండి కలపండి. మృగశిరలో రెండు మంచి వానలు పడి నేల లోపలి దాకా తడిశాక నాటండి, ఆరుద్ర దాటనివ్వకండి. అప్పుడు వేరుకు మూడు నెలల వాన దొరుకుతుంది. మొక్క అడుగున్నర, రెండడుగులు ఉంటే చాలు. నర్సరీలో ఎనిమిది అడుగుల మొక్క చూపించి ఆశపెడతారు. సంచిలో ఏళ్ల తరబడి వేరు చుట్టలు చుట్టుకుని ఉంటుంది, అది నేలలోకి దిగక గాలివానకు ఒరిగిపోతుంది. నాలుగేళ్లలో చిన్న మొక్క దాన్ని దాటిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. వాలుకు ఎగువ వైపు తెరిచిన అర్ధచంద్రం పాదు తీసి, ఎండుటాకులు జానెడు మందాన పరచండి. ఆకులు మొదలుకు ఆనకుండా బెత్తెడు ఖాళీ ఉండాలి. మొదటి రెండు వేసవులు వారానికి ఒక్కసారి రెండు బిందెల నీళ్లు, నెమ్మదిగా ఇంకేలా. రోజూ చెంబెడు పోస్తే వేరు పైపైనే తిరుగుతుంది. మూడో ఏట మానేయండి. మందులు ఏవీ కొట్టవద్దు. సంక్రాంతి తరువాత సరిహద్దు వెంట నాలుగడుగుల వెడల్పున గడ్డి కోసి శుభ్రం చేయండి. పక్క చేలో పెట్టిన నిప్పు మీ దాకా వచ్చేది మాఘంలోనే. నా తోటలో ఒక ఏడాది ఈ పని వాయిదా వేసి ఆరేళ్ల మొక్కలు పోగొట్టుకున్నాను.

మొక్కలు ఎక్కడ దొరుకుతాయని అడిగారు. అటవీశాఖ నర్సరీల్లో కానుగ, నేరేడు, ఉసిరి, మద్ది, రేల వంటివి సాధారణంగా ఉంటాయి. ఊడుగ, కొండగోగు, అంకుడు, ఆరె మీరే గింజ నుంచి చేసుకోవాలి. అడవిలోకి వెళ్లనక్కర్లేదు, గుడి ఆవరణలు, చెరువు కట్టలు, చేల గట్లు వెతకండి. వేప, నేరేడు గింజలు నిల్వ ఉండవు, పండు తిన్న వారంలోనే పెట్టేయాలి. రేల, తంగేడు గింజలకు పెంకు గట్టిది. గరుకు రాయి మీద ఒక పక్క రుద్ది రాత్రంతా నానబెడితే చాలావరకు మొలుస్తాయి. మోదుగ కాయను విప్పవలసిన పని కూడా లేదు, రాలినదాన్ని అలాగే పడుకోబెట్టి పైన మట్టి కప్పండి.

మీ నాన్నగారు పాముల గురించి భయపడుతున్నారన్నారు. ఆయన భయం న్యాయమైనది, పాములు ఉంటాయి. ఇప్పుడు ఖాళీగా ఉన్న ఆ స్థలంలోనూ ఉన్నాయి. ఇంటి చుట్టూ 20 అడుగుల మేర పొదలు లేకుండా ఊడ్చిన నేల ఉంచండి. రాళ్ల గుట్టలు, కట్టెల మోపులు, ధాన్యం ఇంటికి ఆనించి పెట్టకండి. ఎలుక వచ్చిన చోటికే పాము వస్తుంది. గుమ్మం దగ్గర దీపం, చేతిలో టార్చి, రాత్రి కాళ్లకు చెప్పులు. తోటంతా తెల్లవార్లూ దీపాలు మాత్రం వెలిగించవద్దు, రాత్రి తిరిగే రెక్కల పురుగులు వాటి చుట్టూ తిరిగి చచ్చిపోతాయి. ముంగిస, పైడికంటె అనే చిన్న గుడ్లగూబ స్థిరపడితే ఎలుకల సంగతి అవి చూసుకుంటాయి. పైడికంటెకు తొర్ర కావాలి కాబట్టి మీ స్థలంలో ఎండిన కొమ్మ కనిపిస్తే, కింద మనుషులు తిరగని చోటైతే, నరకకండి. కంసాలి పిట్ట, వడ్రంగి పిట్ట తొలుచుకునేది దాన్నే. అవి వదిలేశాక గోరింకలు, చిలుకలు అద్దెకు దిగుతాయి.

ఈ ఆదివారం స్థలానికి వెళ్తున్నారు కదా. ఒక కట్ట ఎర్ర గుడ్డ పేలికలు పట్టుకెళ్లండి. మోదుగ, తునికి, వేప పిలక ఎక్కడ కనిపించినా పక్కన కర్ర పాతి పేలిక కట్టండి, కూలీలు గడ్డి కోసేటప్పుడు కొడవలి తగలకుండా. బండల ఉత్తరం వైపు ఫొటోలో సగం కనిపిస్తున్న చిన్న చెట్టు ఊడుగ అని నాకు అనిపిస్తోంది. కొమ్మ చివర ముల్లులా ఉందా, కాయ ఊదా రంగుకు తిరిగిందా చూసి, ఆకూ బెరడూ దగ్గరగా ఫొటోలు తీసి పంపండి. ఊడుగే అయితే ఆ మూలలో మీరు కొత్తగా నాటవలసినది ఏమీ లేదు.